ఎడిసన్‌లో 25 బోర్డు అంటే నిజంగా 25 యేనా?

అంబాజీపేట నుంచి:

గోదావరి వాళ్ళందరికీ నమస్కారమండి. వచ్చే నెల ఉద్యోగం మీద న్యూజెర్సీలో ఎడిసన్ వస్తున్నాను. ఇక్కడ పన్నెండేళ్ళుగా బండి, ఆరేళ్ళుగా కారు నడుపుతున్నాను. ఒక్క యాక్సిడెంట్ లేదు. నా అనుమానం ఒకటే. అక్కడ స్పీడ్ లిమిట్ నిజంగా పాటిస్తారా, లేక మన దగ్గరలాగే బోర్డు దారి బోర్డుది, మన దారి మనదా? ఫ్రెండ్ ఒకడు "అందరూ పది ఎక్కువే కొడతారు, టెన్షన్ పడకు" అంటున్నాడు. ఇంకొకడేమో "ఒక్క మైలు దాటినా పట్టేస్తారు" అని భయపెడుతున్నాడు. ఎవరి మాట వినమంటారు?

ముమ్మిడివరం, ఇప్పుడు ఎడిసన్:

తమ్ముడూ, ఇద్దరూ చెరి సగం చెప్పారు. టర్న్‌పైక్ అనే ఇక్కడి టోల్ హైవే మీద గంటకి 65 మైళ్ళ బోర్డు ఉన్నచోట జనం 75లో పోతుంటారు. నువ్వు బుద్ధిగా 65లో ఎడమ లేన్ పట్టుకుంటే వెనకవాడు లైట్లు కొడతాడు. తప్పు నీదే, మెల్లగా వెళ్ళేవాడు కుడి పక్కన ఉండాలి. ఆ 75 వాడే హైవే దిగి ఇళ్ళ మధ్యకి రాగానే 27కి తగ్గిపోతాడు. ఈ మార్పు నాకు చాలా రోజులు ఎక్కలేదు.

మనకి ఎంత స్పీడులో వెళ్ళాలో రోడ్డే చెబుతుంది. రావులపాలెం నుంచి అమలాపురం వస్తుంటే పక్కనే కాలువ, ఆ పక్క ఇళ్ళు. గేదె అడ్డమొస్తుంది, కొబ్బరికాయల లారీ ఎదురొస్తుంది. దాళ్వా కోతలప్పుడు సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్ళు పెడతారు. మీటర్ చూసే తీరికేదీ? కళ్ళు రోడ్డు మీద, చెయ్యి హారన్ మీద. మన కాలు బ్రేకు మీదకి వెళ్ళేది బోర్డు వల్ల కాదు, గేదె వల్ల.

ఇక్కడ గేదె లేదు. వీధి మన హైవేకన్నా వెడల్పు, పగలు మనిషి కనపడడు, కారులో చప్పుడుండదు. 45లో పోతున్నా నిలబడ్డట్టే ఉంటుంది. పైగా మీటర్ మైళ్ళలో ఉంటుంది కాబట్టి అంకె చిన్నగా కనిపించి మోసం చేస్తుంది.

వచ్చిన మొదటి ఏడాది మా వీధి చివర 25 జోన్‌లో నేను 43 కొట్టాను. మన లెక్కలో 69 కిలోమీటర్లు. 2018లో మన దేశంలో మున్సిపాలిటీ హద్దుల్లో కారుకి కేంద్రం పెట్టిన గరిష్ఠ వేగం 70. అంటే అదే స్పీడు ఇంటి దగ్గరైతే చట్టప్రకారం కూడా తప్పు కాకపోవచ్చు! వెనక పోలీసు కారు ఎర్రలైట్లు వెలిగాయి. అలవాటు ప్రకారం పక్కకి ఆపి, కాగితాలు చేతిలో పట్టుకుని, "సార్" అంటూ దిగి ఆయన దగ్గరికి నడిచాను. ఆయన చెయ్యి నడుముకున్న తుపాకీ మీదకి పోయింది. మైకులో గట్టిగా అరిచాడు. ఇప్పటికీ తలుచుకుంటే కాళ్ళు వణుకుతాయి.

కాబట్టి ఆపితే దిగొద్దు. కుడి పక్కన ఆపి, అద్దం దించి, రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టుకుని కూర్చో. డ్రాయర్‌లోంచి కాగితాలు తియ్యాలంటే ముందు చెప్పి తియ్యి. పెద్దమనుషుల ఫోన్లు, చేతిలో పెట్టడాలు, ఆ ఆలోచనే రానివ్వకు, అది వేరే నేరం.

ఇక పాయింట్ల లెక్క. తప్పు చేస్తే లైసెన్స్ మీద పడే చెడ్డ మార్కులన్నమాట. న్యూజెర్సీలో లిమిట్‌కి పైన 14 మైళ్ళ దాకా 2 పాయింట్లు, 15 నుంచి 29 దాకా 4, 30, ఆపైన అయితే 5. మూడేళ్ళలో 6 చేరితే సర్‌చార్జి, మొత్తం 12 చేరితే లైసెన్స్ సస్పెండ్. నాకు 4 పడేవి. టౌన్ కోర్టులో ప్రాసిక్యూటర్‌తో మాట్లాడితే పాయింట్లు లేని తప్పు కింద మార్చారు, దానికి జరిమానా కాక 250 డాలర్ల సర్‌చార్జి. టికెట్ వస్తే డబ్బు కట్టేసి ఊరుకోకు, కోర్టుకి వెళ్ళు.

పాలకొల్లు, ఇప్పుడు పార్సిపనీ:

అన్నయ్య స్కూల్ బస్సు సంగతి మర్చిపోయారు. ఎర్రలైట్లు వెలిగించి ఆగిందంటే 25 అడుగుల దూరంలోనే ఆగిపోవాలి. రోడ్డు మధ్యలో డివైడర్ లేకపోతే ఎదురుగా వచ్చేవాళ్ళు కూడా ఆగాలి. డివైడర్ ఉంటే ఎదుటివైపు వాళ్ళు 10 మైళ్ళకి తగ్గించాలి. దాటిపోతే 5 పాయింట్లు. హారన్ కొట్టి పక్కనుంచి దూరిపోవడం మన చేతికి అలవాటైన పని కదా బాబూ, అందుకే చెబుతున్నా.

నరసాపురం, ఇప్పుడు జెర్సీ సిటీ:

ఫ్రెండ్ చెప్పిన "పది ఎక్కువ" లెక్క న్యూయార్క్ సిటీ కెమెరాల నుంచి కూడా వచ్చి ఉంటుంది. అక్కడ స్కూలు జోన్లలో లిమిట్‌కి పైన 10 మైళ్ళు దాటితే కెమెరా 50 డాలర్ల జరిమానా కాగితం ఇంటికి పంపుతుంది. ఆ కెమెరాలు 2022 నుంచి రాత్రీ పగలూ పనిచేస్తున్నాయి. న్యూజెర్సీ చట్టం స్పీడు కెమెరాలని ఒప్పుకోదు, ఇక్కడ పోలీసుకే నువ్వు కనపడాలి. అయినా మనిషి బుద్ధి ఎక్కడైనా ఒకటేనండి. పదహారో నంబర్ హైవే మీద ముందు స్పీడ్ గన్ ఉంటే ఎదురొచ్చే లారీవాడు లైటు కొట్టి చెబుతాడు, ఇక్కడ అదే పని ఫోన్‌లో మ్యాప్ చేస్తుంది.

ఒక్క మాట. మా నాన్నగారు సఖినేటిపల్లి రేవులో పంటు, అదే గోదావరి దాటించే పడవ, అందుకోవాలని స్కూటర్ మీద గాల్లో తీసుకెళ్ళేవారు. పంటు అవతలి ఒడ్డున ఉండేది. అది తిరిగొచ్చేదాకా ఇద్దరం ఎండలో నిలబడేవాళ్ళం. మర్నాడు మళ్ళీ అంతే. ఇక్కడ నేను ట్రైన్ కోసం స్టేషన్‌కి వెళ్ళేటప్పుడు మీటర్ వంక చూస్తే ఆయనే గుర్తొస్తారు.

ముమ్మిడివరం, ఇప్పుడు ఎడిసన్:

తమ్ముడూ, బయల్దేరేలోగా ఒక పని చెయ్యి. 25 మైళ్ళంటే 40 కిలోమీటర్లు. ఖాళీ రోడ్డు మీద 40 దాటకుండా ఒకసారి నడిపి చూడు. కాలు ఎంత పేచీ పెడుతుందో నీకే తెలుస్తుంది.

అంబాజీపేట నుంచి:

ఈ పొద్దున్నే చేశానండి. అమలాపురం దాకా మీటర్ మీదే కన్ను, 40 దాటలేదు. ఆటోలు దాటేశాయి, సరే. చివరికి పాలక్యాన్లు కట్టుకున్న మోపెడ్ పెద్దాయన కూడా దాటి, కొంచెం ముందుకెళ్ళి ఆగాడు. నేను దగ్గరికి రాగానే అద్దంలోంచి తొంగిచూసి, "బండేమైనా ట్రబులిస్తోందాండీ, తొయ్యమంటారా?" అన్నాడు.