అప్‌డేట్: వెబ్ డెవలపర్‌కి ఆస్ట్రేలియా 189 వీసా లేదు, 190, 491 ఉన్నాయి

విజయనగరంలో పనిచేస్తున్న మా తమ్ముడికి వెబ్ డెవలపర్ వృత్తి కోడ్ 261212 మీద ఆస్ట్రేలియా 189 వీసా (రాష్ట్రం నామినేషన్ అక్కర్లేకుండా పాయింట్ల మీద ఇచ్చే శాశ్వత నివాస వీసా) వస్తుందా అని అడిగాను కదండీ. రాదు. ఆ కోడ్ ఆస్ట్రేలియా వాళ్ల స్వల్పకాల వృత్తుల జాబితాలో ఉంది, 189కి మధ్య, దీర్ఘకాల జాబితాలో ఉండాలి. ఇక మిగిలినవి అక్కడి రాష్ట్రం నామినేట్ చేసే 190, 491 వీసాలు. వాటికి వరుసగా 5, 15 పాయింట్లు కలుస్తాయి. అన్నీ కలిపి కనీసం 65 ఉండాలి. ఒక్కో రాష్ట్రానికి సొంత జాబితా ఉంటుంది, మధ్యలో మారుస్తారు కూడా.

అసలు చిక్కు తమ్ముడి ఆఫీసు ఇచ్చే అనుభవం లెటర్ దగ్గర వచ్చింది. “వెబ్ పనులన్నీ చూస్తాడు” అని ఒక్క ముక్క రాసిచ్చారు. ఐటీ వాళ్ల చదువు, అనుభవం పరిశీలించే ఏసీఎస్‌కి (ఆస్ట్రేలియన్ కంప్యూటర్ సొసైటీ) అది చాలదు: చేరిన తేదీ, ఫుల్‌టైమో కాదో, చేసే పనులు విడివిడిగా కావాలి. నిజంగా సాఫ్ట్‌వేర్ డిజైన్, కోడింగే ఎక్కువైతే సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ కోడ్ 261313 చూడొచ్చు, అది 189కి కావాల్సిన మధ్య, దీర్ఘకాల జాబితాలోదే. చేయని పని మాత్రం దయచేసి రాయించకండి.