సమస్య: తండ్రి పాలు ద్రావి తనయుఁ డలరె

నిర్వాహకుడు (కడప): ఈ వారం ఇచ్చింది ఆటవెలది నాలుగో పాదం. ముందరి మూడు పాదాలు మీరు కట్టి పద్యం పూరించాలి. ఆ పూరణ దక్షిణ ధ్రువపు ఎంపరర్ పెంగ్విన్ల మీద ఉంటే సంతోషం. మనకు ఎండలు మండే మే, జూన్ నెలల్లోనే అక్కడ గడ్డకట్టిన సముద్రం మీద ఆడపక్షి ఒకే ఒక గుడ్డు పెట్టి, మగపక్షికి అప్పజెప్పి, మేతకు కడలిలోకి పోతుంది.

ప్రొద్దుటూరు అక్కయ్య:
తల్లి యొడిని జేరి దప్పిక దీరంగ
పసిఁడి నవ్వు లొలికెఁ బాలబుగ్గ
చూచి చూచి మనసు చొక్కంగ మురిసెను
తండ్రి, పాలు ద్రావి తనయుఁ డలరె.

ఆదోని అయ్యవారు: ‘తండ్రి’ని పై పాదానికి కలిపి పాదాన్ని విరిచావు, విరుపు బాగా కుదిరిందమ్మా. అయితే ‘మురిసెను’ ద్రుతాంతం, అంటే చివర నకారం ఉన్న మాట. దాని మీద తకారం సరళమై ‘దండ్రి’ అవుతుంది, ఇచ్చిన పాదం చెడుతుంది. ‘చూచి చూచి మనసు చొక్కి మురిసినాఁడు’ అంటే ఆ చిక్కు లేదు, యతీ నిలుస్తుంది.

నిర్వాహకుడు: సవరణ సరిగ్గా ఉంది. కానీ అక్కయ్యా, ఈ పాదాన్ని విరవనక్కర్లేదు. ఇది అక్షరాలా నిజం. తల్లి తిరిగి రాకముందే పిల్ల బయటపడితే మగపక్షి తన అన్నవాహికలో ఊరిన చిక్కటి ద్రవాన్ని దాని నోటికి అందిస్తుంది. నిండా మాంసకృత్తులు, కొవ్వు. అప్పటికి తాను తిని నాలుగు నెలలు కావస్తుంది, ఒంటి బరువు సగం దాకా కరిగి ఉంటుంది. అయినా బిడ్డకు పెడుతుంది! అసంభవంలా వినబడే మాటను ఉన్నది ఉన్నట్టు నిలబెట్టిన పూరణే నాకు ఎక్కువ.

అనంతపురం తమ్ముడు:
గొఱ్ఱెమంద యెండఁ గుమిగూడినట్టులే
చలికిఁ జేరి మగలు జట్టు గట్ట
వెనుకవాఁడు నడిమి వెచ్చని తావొందె
తండ్రి పాలు ద్రావి తనయుఁ డలరె.

ఆదోని అయ్యవారు: మొదటి పాదం మన సీమ బీళ్లలో పుట్టింది నాయనా. మిట్టమధ్యాహ్నం గొర్రెలు ఒకదాని కింద ఒకటి తల దూర్చి నిలబడేది చూసినవాడే రాయగలడు. గుంపు అంచున గాలికి నిలిచినవి వంతులవారీగా లోపలికి జరగడమూ నిజమే. లోపం మూడో పాదానికీ నాలుగో పాదానికీ లంకె లేకపోవడం. ‘వెచ్చనైన గ్రుడ్డు విచ్చి బైటికి వచ్చి’ అని చూడు.

కర్నూలు చెల్లెలు:
మంచుగడ్డమీఁద మాసాలు పస్తుండి
పాదములను గ్రుడ్డుఁ బదిలపఱచి
పెంగ్వి నొకఁడు గాచెఁ. బిల్ల పెంకును జీల్ప
తండ్రి పాలు ద్రావి తనయుఁ డలరె.

ప్రొద్దుటూరు అక్కయ్య: ‘మాసాలు’ వాడుక రూపం కదా, గ్రాంథికం నడుమ?

నిర్వాహకుడు: ఉండనిద్దాం అక్కయ్యా, ధార బాగుంది. నన్ను పట్టింది రెండో పాదం. వాటికి గూడు లేదు. కాళ్ల మీద గుడ్డు, దాని మీద పొట్ట చర్మపు మడత, అలాగే 65 రోజుల దాకా. మంచు మీదకు జారితే ఆ చలికి గుడ్డు మిగలదు. ‘పదిలపఱచి’ అన్న ఒక్క మాటలో అదంతా ఉంది. ఈ వారం మేలైన పూరణ ఇదే.

కర్నూలు చెల్లెలు: ధన్యవాదాలండీ. చదువుతుంటే ఒకటి కలచివేసింది. నీరు అంటని ఈకలు వచ్చేదాకా, అంటే డిసెంబరు, జనవరి దాకా, పిల్లల కింద ఆ మంచు నిలవాలి. 2022లో అంటార్కిటికా పక్కనున్న బెల్లింగ్స్‌హౌసెన్ సముద్రంలో అది ముందే విరిగిపోయింది. అక్కడి అయిదు పెంగ్విన్ స్థావరాల్లో నాలుగింట పిల్లలు ఒక్కటీ దక్కి ఉండవని ఉపగ్రహ చిత్రాలు చూసినవాళ్లు తేల్చారు.

నిర్వాహకుడు: అయితే వచ్చే వారానికి పాదం అక్కడి నుంచే. ఇదీ ఆటవెలదే, దయచేసి ఎవరూ విరవకండి:

నీటిపక్షి పిల్ల నీట మునిఁగె.