మద్రాసు తెలుగు పెద్దల పని జీవితాలు రికార్డు చేయాలి, ఎలా మొదలుపెట్టాలి?

వడపళని వాసి:

చెన్నైలో స్థిరపడ్డ ఎనిమిది మంది తెలుగు పెద్దల అనుభవాలను వాళ్ల గొంతుతోనే రికార్డు చేయాలని మా తెలుగు సంఘం అనుకుంటోంది. సినిమా ఆర్కెస్ట్రాల్లో వయొలిన్ వాయించినవారు, కోరస్ పాడినవారు, రైల్వే జట్టుకి హాకీ ఆడినవారు, ఒకప్పటి కార్పొరేషన్ కౌన్సిలరు వీళ్లలో ఉన్నారు. అందరికీ డెబ్భై అయిదు దాటాయి. బడ్జెట్ పదిహేను వేలు.

ఫోను సరిపోతుందా? ఇంతకుముందు పత్రికలకి, టీవీలకి మాట్లాడినవాళ్లు అవే నాలుగు ముచ్చట్లు తిప్పి తిప్పి చెబుతారు, అంతకు మించి రాబట్టడం ఎలా? వాళ్లు చెప్పే సంవత్సరాలు సరైనవో కాదో దేనితో పోల్చి చూడాలి? తెలిసినవారు చెప్పగలరు.

టేపు మనిషి:

ఫోను మంచిదే, దాని మైకు నోటికి దూరంగా ఉండటమే ఇబ్బంది. ఆ దూరం తగ్గిస్తే సగం పని అయినట్టే. ఎలక్ట్రానిక్ సామాన్లమ్మే రిచీ స్ట్రీట్‌లో తీగ ఉన్న కాలర్ మైకు వెయ్యి, పదిహేను వందలకి దొరుకుతుంది. ఇంకో పదివేలు పెడితే చిన్న చేతి రికార్డరు కూడా వస్తుంది. కొనేటప్పుడు జాక్ చూసుకోండి. ఫోన్ల కోసం చేసిన మైకు జాక్ మీద మూడు గీతలుంటాయి, రికార్డరుకి రెండు గీతలది కావాలి. దీన్ని తీసుకెళ్లి దాంట్లో గుచ్చితే శబ్దమే రాదు, వచ్చినా నూతిలోంచి మాట్లాడినట్టుంటుంది. అడాప్టరుకి వంద, రెండొందలు.

సెట్టింగు వేవ్ ఫైలు, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. మోనోలో గంటకి అర జీబీ పైచిలుకు, స్టీరియోలో సుమారు ఒక జీబీ. ఎంపీ3లో నేరుగా రికార్డు చేయొద్దు, తర్వాత రొద తీయబోతే మాట కూడా గీరుకుపోతుంది. ఆటో లెవల్ (శబ్దాన్ని దానంతటదే పెంచి తగ్గించే సెట్టింగు) ఆపేయండి. అది పెట్టి ఉంటే మనిషి ఊపిరి తీసుకోవడానికి ఆగిన ప్రతిసారీ ఫ్యాను హోరు పైకి లేస్తుంది. రికార్డరు మీటరులో మామూలు మాట మైనస్ 20 నుంచి మైనస్ 12 డెసిబెల్స్ మధ్య ఆడాలి. నవ్వినా, కోపంగా మాట్లాడినా మైనస్ 6 దాటకూడదు.

మైకు గడ్డానికి జానెడు కింద పెట్టండి. గంజి పెట్టిన కాటన్ చీర, పట్టు కండువా కదిలితే చాలు చరచరమంటాయి, అందుకని తీగని చిన్న మెలిక వేసి లోపలివైపు టేపుతో అంటించాలి. నల్లపూసలు, గొలుసులు మైకుకి తగలకుండా పక్కకి జరపమని అడగండి. వినికిడి యంత్రం ఉంటే హెడ్‌ఫోన్స్‌లో సన్నని కూత వినబడుతుంది. దాన్ని తీయించొద్దు, సరిగ్గా అమర్చుకోమనండి. తీసేస్తే మీరడిగేది వాళ్లకి వినబడదు.

చెన్నైలో అసలు శత్రువు సీలింగ్ ఫ్యాను. మే నెలలో దాన్ని ఆపి ఎనభై ఏళ్ల మనిషిని కూర్చోబెట్టడం పాపం. ఏసీ ఉంటే అరగంట ముందే గది చల్లబరిచి, ఆపేసి, పాతిక నిమిషాలు రికార్డు చేసి, మళ్లీ వేయండి. లేకపోతే టేబుల్ ఫ్యాను ఆరడుగుల దూరంలో, గాలి కాళ్లకి తగిలేలా పెట్టండి. ఫ్రిజ్ ఆపాలి, కానీ మీ బండి తాళం అందులోనే పెట్టండి. తాళం కోసం తలుపు తీస్తే ఫ్రిజ్ మళ్లీ వేయాలని గుర్తొస్తుంది. పాత ట్యూబ్‌లైటు చోక్ కూడా గుయ్యిమంటుంది. మార్బుల్ హాలు కన్నా పరుపు, బీరువా ఉన్న పడకగది మేలు. కుక్కర్ విజిల్, మిక్సీ, నీళ్ల లారీ వేళలు ఇంట్లోవాళ్లని అడిగి టైము పెట్టుకోండి. రాహుకాలం పట్టించుకునే ఇళ్లయితే శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు దాకా మొదలుపెట్టనివ్వరు, సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది కూడా అంతే.

మొదట తేదీ, స్థలం, పేరు మీరే పలకండి. చివర అందరూ మౌనంగా ఉండగా గది శబ్దం అర నిమిషం తీసుకోండి, ఎడిటింగ్‌లో కోతల మధ్య అతకడానికి పనికొస్తుంది. ఫోను ఏరోప్లేన్ మోడ్‌లో రెండో రికార్డరుగా నడవనివ్వండి. ఒక విడతకి గంట, గంటంపావు చాలు. ఆ తర్వాత గొంతు కన్నా ముందు జ్ఞాపకం అలిసిపోతుంది.

పాత పేపర్:

మైకు సంగతి ఆయన చెప్పారు కాబట్టి ప్రశ్నల దగ్గరికి వస్తాను. ఆ నాలుగు ముచ్చట్లనీ మొదటి విడతలో పూర్తిగా చెప్పనివ్వండి. అడ్డుపడితే ఎప్పుడో ఒకప్పుడు మళ్లీ వస్తాయి. అవి అయ్యాక పని గురించి అడగండి. గొప్పల గురించి అడిగితే సన్మాన సభలో మాట్లాడినట్టే మాట్లాడతారు, పని గురించి అడిగితే ఇంతవరకూ ఎవరూ అడగనిది కనుక ఆలోచించి చెబుతారు. “ఆయనతో మీ అనుబంధం ఎలాంటిది?” అన్న ప్రశ్నని కొట్టేయండి. “మీకెలా అనిపించింది?” కూడా.

వయొలిన్ ఆయన్ని ఇలా అడగొచ్చు. కాల్‌షీటు ఉందని కబురు ఎవరు తెచ్చేవారు? నొటేషన్ కాగితం ఎప్పుడు చేతికొచ్చేది, స్టాఫ్ నొటేషనా (పాశ్చాత్య స్వరలిపి), సరిగమలా? ఎన్ని వయొలిన్లకి ఒక మైకు? మీ కుర్చీ ఎన్నో వరసలో, అది ఎవరు నిర్ణయించేవారు? సింగర్ బూత్‌లో ఉండేవారా, మీ ముందే నిలబడేవారా? ట్రాకులు విడివిడిగా రికార్డు చేయడం రాకముందు ఆర్కెస్ట్రా, గాయకులు అంతా ఒకేసారి వాయించి పాడాలి, ఒక్కరు తప్పితే పల్లవి నుంచి మళ్లీ. కాబట్టి “తప్పు వాయించింది ఎవరో ఆర్కెస్ట్రా కండక్టర్ ఎలా కనిపెట్టేవారు? కనిపెట్టాక ఏమనేవారు?” అని అడిగితే ఆ గది మొత్తం మీకు కనబడుతుంది. కాగితం ఇచ్చి రికార్డింగ్ థియేటర్ నేల పటం గీయమనండి. గీస్తూ మాట్లాడే మనిషి పేర్లు మర్చిపోడు, ఎందుకంటే ఒక్కో కుర్చీలో ఒక్కో మనిషి ఉంటాడు.

డబ్బు అడగటానికి మొహమాటపడకండి. కాల్‌షీటుకి ఎంత, బేటా (రోజు ఖర్చుల డబ్బు) వేరేనా, వోచరు మీద సంతకం పెట్టాక డబ్బు ఆ సాయంత్రమే చేతికొచ్చేదా, ఆఫీసు చుట్టూ తిరగాల్సి వచ్చేదా? కోరస్ పాడినవాళ్లని ఈ విషయంలో తప్పకుండా అడగాలి. రికార్డు లేబుల్ మీద గానీ పాటల పుస్తకంలో గానీ వాళ్ల పేర్లు వెతికినా దొరకవు, వోచర్లే వాళ్ల చరిత్ర. పిలుపులు తగ్గడం ఎప్పుడు మొదలైంది, అందులో తెలుగు నిర్మాతలు హైదరాబాదు తరలిపోవడం వాటా ఎంత, ఆర్కెస్ట్రా బదులు వచ్చిన కీబోర్డు వాటా ఎంత? ఈ ప్రశ్న చివరి విడతలోనే వేయండి.

ఒకేసారి రెండు ప్రశ్నలు వేస్తే రెండోదానికే జవాబొస్తుంది. జవాబు అయిపోయిందనుకున్నాక మనసులో అయిదు లెక్కపెట్టండి. చాలాసార్లు అసలు మాట అప్పుడే వస్తుంది.

సంవత్సరాలు. నేరుగా “ఏ సంవత్సరం?” అని అడిగితే పదేళ్లు అటూఇటూ చెబుతారు. అందరికీ గుర్తుండే తేదీలు మేకుల్లా కొట్టిన ఒక కాగితం తయారు చేసుకోండి: పొట్టి శ్రీరాములు ప్రాణత్యాగం 1952 డిసెంబరు, ఆంధ్ర రాష్ట్రం 1953 అక్టోబరు 1, ఘంటసాల మరణం 1974 ఫిబ్రవరి, ఎమర్జెన్సీ 1975 జూన్, దివిసీమ ఉప్పెన 1977 నవంబరు, తెలుగుదేశం 1982 మార్చి, చేపాక్‌లో టై అయిన టెస్టు 1986 సెప్టెంబరు, ఎమ్జీఆర్ మరణం 1987 డిసెంబరు. ఇంకో పక్క వాళ్ల పెళ్లి, పిల్లల పుట్టుకలు, ఇల్లు మారడాలు. “పెద్దమ్మాయి పుట్టాకా, ముందా?” అంటే తడుముకోకుండా చెబుతారు.

సినిమా విడుదల తేదీని రికార్డింగ్ తేదీ అనుకోకండి, పాట నెలల ముందే అయి ఉంటుంది. పాటల పుస్తకాలకి తరమణిలోని రోజా ముత్తయ్య గ్రంథాలయం, పత్రికలకి ఎగ్మోర్ కన్నెమరా చూడండి. పాత ఆంధ్రపత్రిక సంచికలు ప్రెస్ అకాడమీ డిజిటైజ్ చేసినవి ఉన్నాయి.

కౌన్సిలరు గారి విషయంలో ఒకటి గుర్తుంచుకోండి. మద్రాసు కార్పొరేషన్ కౌన్సిల్‌ని 1973 డిసెంబరులో రద్దు చేశాక 1996 దాకా ఎన్నికైన కౌన్సిలే లేదు, ప్రత్యేకాధికారులే నడిపారు. ఆయన “ఎనభై అయిదులో నేను కౌన్సిలర్‌గా ఉండగా” అంటే అది అబద్ధమని అనుకోనక్కర్లేదు. పదవి లేకపోయినా వార్డు జనం ఆయన్నే కౌన్సిలర్ అని పిలుస్తూ ఉండొచ్చు. అక్కడే ఆపి, పదవి లేని ఆ ఇరవై రెండేళ్లూ కుళాయి రాలేదని, వీధి దీపం వెలగలేదని పొద్దున్నే గేటు దగ్గరికి ఎవరు వచ్చేవారో, కార్పొరేషన్ ఆఫీసు రిప్పన్ బిల్డింగ్‌లో పని ఎలా చేయించేవారో అడగండి. 1996 తర్వాతి మనిషైతే వార్డులు 155, 2011 నుంచి 200. కాబట్టి వార్డు నంబరుతో పాటు వీధుల పేర్లు కూడా చెప్పించండి, లేకపోతే నంబరుకి అర్థం ఉండదు.

టేపు నడుస్తుండగా తప్పు దిద్దకండి. “పేపర్లో ఇలా ఉంది, అది వేరే సంగతా?” అని తర్వాత అడగండి. రాతప్రతిలో ఆయన మాట ఉన్నదున్నట్టు ఉంచి, పక్కన మీ గమనిక పెట్టండి.

పెరంబూర్ హాఫ్‌బ్యాక్:

హాకీ ఆయనకి ఒట్టి ఆడియో చాలదు. స్టిక్ చేతికిచ్చి వీడియో తీయండి. గడ్డి మైదానంలో బంతిని ఆపిన పట్టు వేరు, కృత్రిమ టర్ఫ్ మీద పట్టు వేరు. నోటితో చెబితే “కొంచెం వంగి” అంటారు, చేసి చూపిస్తే మోకాలు ఎంత వంగిందో కనబడుతుంది. కెమెరా ఛాతీ ఎత్తులో పక్కనుంచి ఒకటి, చేతుల మీదకి ఒకటి. రెండో కెమెరా ఫోనైనా ఫరవాలేదు. ఇరవై నిమిషాలు మించొద్దు, మోకాళ్లు వాళ్లవి.

తేదీలకి ఆటలో గట్టి గుర్తులున్నాయి. 1975 కౌలాలంపూర్ ప్రపంచకప్ గెలిచింది గడ్డి మీద. మరుసటి ఏడాది 1976 మాంట్రియల్‌లో ఒలింపిక్స్ మొదటిసారి కృత్రిమ టర్ఫ్ మీద జరిగాయి, మనది ఏడో స్థానం. 1980 మాస్కో స్వర్ణానికి కెప్టెన్ మన మద్రాసు భాస్కరన్. “టర్ఫ్ మీద మొదటిసారి ఎప్పుడు కాలు పెట్టారు, ఏ బూట్లతో?” అన్నది మంచి ప్రశ్న. ఆఫ్‌సైడ్ నియమం ఎత్తేయకముందు ఆడినవాళ్లు కాబట్టి ఫార్వర్డ్ ఎక్కడ నిలబడేవాడో పటం గీయించండి, ఇప్పటి పిల్లలకి ఊహకందదు.

ఉద్యోగం సంగతి మర్చిపోవద్దు. ఆటల కోటాలో చేరినవాళ్లకి సగం జీవితం హాజరు పట్టీలో ఉంటుంది: ప్రాక్టీసుకి ఎన్నింటికి వదిలేవారు, టోర్నమెంట్ రోజులు డ్యూటీ కింద రాసేవారా, ఆట మానేశాక అదే సెక్షన్లో ఏ పని అప్పగించారు, ప్రమోషన్ పరీక్ష ఎప్పుడు రాశారు? పెన్షన్ కాగితంలో చేరిన తేదీ, రిటైరైన తేదీ అచ్చుగా ఉంటాయి, మురుగప్ప గోల్డ్ కప్ సర్టిఫికెట్ కన్నా అదే నమ్మకం. అందులో పుట్టిన తేదీ మాత్రం బడిలో వేసింది కావచ్చు, అసలుది విడిగా అడగండి.

టేపు మనిషి:

వీడియో ఆ ఇరవై నిమిషాలకే. మిగతాదంతా ఆడియోనే తీయమంటాను. కెమెరా పెట్టగానే ఇంట్లోవాళ్లు చీర మార్పిస్తారు, వెనక షీల్డులు సర్దుతారు, మనిషి వాక్యాలు కూడా సర్దుకుంటాడు. వయొలిన్ ఆయన వేళ్లు, విల్లు పట్టు తీయాలంటే సరే, అది కూడా విడిగా.

వడపళని వాసి:

చాలా ఉపయోగం, అందరికీ కృతజ్ఞతలు. ఇంకో రెండు. సంతకాల కాగితంలో ఏం రాయాలి? కౌన్సిలరు గారు కొందరి పేర్లు పెట్టి తిడతారు, వాటినేం చేయాలి? కోరస్ పాడిన ఆవిడ దగ్గర పాత క్యాసెట్లు, ఒక స్పూలు టేపు (పెద్ద చక్రానికి చుట్టిన పాతకాలపు టేపు) కూడా ఉన్నాయి.

దస్తావేజు:

మాట చెప్పినవారిది, రికార్డింగు మీది. రెండూ కలిపి వాడుకోవాలంటే రాతపూర్వక అనుమతి కావాలి. కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కు రాసిచ్చే కాగితంలో కాలపరిమితి రాయకపోతే అయిదేళ్లే అనుకుంటారు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. ఏడాదిలోపు వాడుకోకపోయినా ఆ హక్కు పోతుంది, కాగితంలో వేరేలా రాసుకుంటే తప్ప. హక్కు ఇవ్వకుండా వాడుకోవడానికి అనుమతి మాత్రమే ఇచ్చే లైసెన్సుకీ ఇవే వర్తిస్తాయి. ఇంటర్నెట్‌లో పెడతారు కనుక “ప్రపంచమంతా, కాపీరైట్ ఉన్నన్నాళ్లూ, ఏడాది నియమం వర్తించదు” అని విడమరిచి రాయండి. రెండు కాగితాలు ఉంటే మంచిది. ఒకటి రికార్డు చేయడానికి ముందు, రెండోది మొత్తం విన్నాక లేదా రాతప్రతి చదివాక. రెండో దాంట్లో “ఫలానా నిమిషం నుంచి ఫలానా నిమిషం దాకా ఇన్నేళ్లు మూసి ఉంచాలి” అని నింపే ఖాళీ వదలండి. తెలుగులోనే రాయండి, పెద్ద అక్షరాలతో. ఒక కాపీ వాళ్ల ఇంట్లో ఉండాలి.

తిట్ల సంగతి: భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద పరువునష్టం నేరమే. నిజమైనా ప్రజాహితం కోసమని చూపించాల్సి ఉంటుంది. పోయినవాళ్ల గురించైనా వారి కుటుంబం మనసు నొప్పించే ఉద్దేశంతో అంటే అందులోకి రావచ్చు. మూలప్రతిలో ఏదీ చెరపొద్దు, బయటపెట్టే ప్రతిలో ఆ ముక్క తీసి “ఇక్కడ ఇంత భాగం తొలగించాం” అని ఉంచండి. బీప్ కొట్టొద్దు, ఎవరో అందరూ ఊహించేస్తారు.

టేపు మనిషి:

క్యాసెట్ కిటికీలోంచి చూస్తే రీలు అంచున తెల్లటి పొడి కనబడితే బూజు, మన తేమకి సహజం. ప్లేయర్లో పెట్టొద్దు, హెడ్ పాడై మిగతా క్యాసెట్లకీ అంటుకుంటుంది. స్పూలు వెనిగర్ వాసన వస్తే అసిటేట్ టేపు చెడిపోతున్నట్టు, దాన్ని మిగతావాటి నుంచి వేరు చేసి, అలాంటి టేపుల పని తెలిసినవాళ్లకే అప్పగించండి. బాగున్న క్యాసెట్ అయితే ముందు ఒకసారి మొత్తం ముందుకి, వెనక్కి తిప్పి, తర్వాతే ప్లే చేస్తూ రికార్డరులోకి తీసుకోండి, రెండోసారి ఆడుతుందన్న హామీ లేదు. రికార్డు కాకుండా ఉండటానికి క్యాసెట్ పైన ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ పళ్లు ముందే విరగ్గొట్టండి.

ఆల్బమ్‌లో అతుక్కుపోయిన ఫొటోలు పీకొద్దు, పేజీతో సహా అక్కడే ఫొటో తీయండి. వెనక స్టూడియో ముద్ర, తేదీ ఉన్నవాటికి రెండు వైపులా. ఆల్బమ్ ఇంటికి తెచ్చుకోవడం మాత్రం వద్దు, వాళ్లు ఎంత ఇస్తామన్నా.