అయాన్ల సిద్ధాంతం నెగ్గింది ప్రయోగాల బలంతోనా, స్నేహాల బలంతోనా?

ఉప్పునీళ్లు:

నేను ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెబుతాను. పోయిన వారం క్లాసులో పాత ప్రయోగమే మళ్లీ చేశాం. గ్లాసులో డిస్టిల్డ్ వాటర్, రెండు కార్బన్ కడ్డీలు, తొమ్మిది వోల్టుల బ్యాటరీ, ఒక ఎల్‌ఈడీ. పంచదార వేసి కలిపితే ఏమీ లేదు. వేరే గ్లాసులో చెంచాడు ఉప్పు వేసి కలిపామో లేదో, ఎల్‌ఈడీ వెలిగింది. అప్పుడు వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచి, "సార్, ఉప్పు నీళ్లలో పడగానే అయాన్లుగా, అంటే విద్యుదావేశం ఉన్న కణాలుగా, విడిపోతుందని మొదట చెప్పినాయన మాట జనం వెంటనే నమ్మేశారా?" అని అడిగింది.

నమ్మలేదని చెప్పాను. మరి తర్వాత ఎలా నమ్మారని అడిగింది. అక్కడ సరిగా జవాబు చెప్పలేకపోయాను. ఇంటికొచ్చి నాలుగు రోజులు దొరికినవన్నీ చదివాను. ఆ మాట చెప్పిన స్వీడన్ శాస్త్రవేత్త అర్హీనియస్ 1884లో అక్కడి ఉప్సాలా యూనివర్సిటీకి థీసిస్ ఇస్తే చాలా తక్కువ శ్రేణి ఇచ్చారు. అదే మనిషికి 1903లో నోబెల్ వచ్చింది. మధ్యలో జరిగిందేమిటని చూస్తే, ఓస్ట్‌వాల్డ్, వాంట్ హాఫ్ అనే ఇద్దరు స్నేహితులు దొరికారు. ఆ ఇద్దరూ కలిసి 1887లో లైప్‌జిగ్ నుంచి భౌతిక రసాయనశాస్త్రానికి ఒక పత్రిక మొదలుపెట్టారు. అర్హీనియస్ ముఖ్యమైన వ్యాసం ఆ పత్రిక మొదటి సంపుటంలోనే వచ్చింది. ఎడిటర్లు వాళ్లే. ఇతరుల పనిమీద సమీక్షలు ఎక్కువగా రాసేది ఓస్ట్‌వాల్డే. అమెరికా, జపాన్ల నుంచి వచ్చిన కుర్రాళ్లంతా ఆయన ల్యాబులోనే తయారై వెళ్లారు.

నాకైతే ఇది ఒక జట్టు గెలుపులా కనిపిస్తోంది. సిద్ధాంతం తప్పని అనను. కానీ గెలిచింది మాత్రం ఉత్తరాలు, పత్రిక, పదవుల వల్లేనని అనుకుంటున్నాను. మీరేమంటారు?

పాత లెక్చరర్:

ఉప్పునీళ్లు గారూ, ముప్పై ఏళ్లు ఇదే పాఠం చెప్పిన వాణ్ణి. మీ మాట ఒప్పుకోలేను.

లెక్క చూడండి. కిలో నీళ్లలో 34 గ్రాముల పంచదార కరిగించండి. ఘనీభవన స్థానం, అంటే గడ్డకట్టే ఉష్ణోగ్రత, 0.186 డిగ్రీలు దిగుతుంది. ఆ పంచదారలో ఎన్ని అణువులుంటాయో, లెక్క ప్రకారం అన్నే ఉండేలా 5.85 గ్రాముల ఉప్పు తీసుకుని ఇంకో కిలో నీళ్లలో వేయండి. అంతే దిగాలి కదా? దిగేది సుమారు 0.35 డిగ్రీలు. దాదాపు రెట్టింపు. ద్రావణాన్ని పలచన చేస్తూ పోతే సరిగ్గా రెండుకి దగ్గరవుతుంది. ఒక కణం రెండవుతోందని థర్మామీటరే చెబుతోంది. దీనికి స్నేహం ఎందుకు?

తటస్థీకరణ ఉష్ణం, అంటే ఆమ్లం, క్షారం కలిసినప్పుడు పుట్టే వేడి, ఇంకోటి. హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో సోడియం హైడ్రాక్సైడ్ కలిపినా, నైట్రిక్ ఆమ్లంతో పొటాషియం హైడ్రాక్సైడ్ కలిపినా మోల్‌కి వచ్చేది సుమారు 57 కిలోజౌళ్లే. ఆమ్లం మారింది, క్షారం మారింది, వేడి మారలేదు. జరిగేది హైడ్రోజన్ అయాను, హైడ్రాక్సైడ్ అయాను కలిసి నీరవడం ఒక్కటే అనుకుంటే తప్ప ఇది అర్థం కాదు. ఈ కొలతలు అర్హీనియస్ థీసిస్‌కి ముందునుంచే ఉన్నాయి.

అన్నిటికంటే ముఖ్యం, జర్మన్ భౌతికశాస్త్రవేత్త మాక్స్ ప్లాంక్. అప్పటికి ఆయన కీల్‌లో ఉన్నాడు. ఈ ముగ్గురి స్నేహబృందం మనిషి కాదు. కేవలం ఉష్ణగతిక శాస్త్రం (వేడి, శక్తి లెక్కల శాస్త్రం) పట్టుకుని, పలచని ద్రావణాల్లో లవణాలు విడిపోయి ఉండాలని అదే 1887లో ఆయనా తేల్చాడు. ఉత్తరాలు లేకపోయినా సిద్ధాంతం వచ్చి ఉండేదనడానికి ఇంతకంటే ఏం కావాలి?

లైబ్రరీ పురుగు:

మీరిద్దరూ ఉత్తరాన్ని పరపతి సాధనంగానే చూస్తున్నారు. ఒకరు అది గెలిపించిందంటున్నారు, ఇంకొకరు అక్కర్లేదంటున్నారు. నేను వేరే మాట చెబుతాను. ఆ సిద్ధాంతం ఉత్తరాల్లోనే తయారైంది.

1884 థీసిస్‌లో మనకి తెలిసిన అయాన్ల సిద్ధాంతం లేదు. ఇది చాలామంది గమనించరు. అందులో అర్హీనియస్ చెప్పింది ద్రావణంలో కొన్ని అణువులు "క్రియాశీలం", కొన్ని కావు అని మాత్రమే. క్రియాశీలం అంటే విడిపోవడమే అని గట్టిగా అన్నది 1887లో. ఆ మూడేళ్లలో ఏం జరిగిందో చూడాలి.

1884 జూన్‌లో ఆ థీసిస్ రీగాలో ఉన్న ఓస్ట్‌వాల్డ్‌కి పోస్టులో చేరింది. ఆ రోజు తనకి విపరీతమైన పంటినొప్పి, కూతురు పుట్టింది, దానికి తోడు ఈ థీసిస్ వచ్చిందని ఆయనే తర్వాత రాసుకున్నాడు. ఇంట్లో పురుడు, దవడ వాపు, అయినా కాగితాలు పక్కన పెట్టలేకపోయాడు. ఎందుకంటే అప్పటికి ఆయన బల్లమీద వేరే కొలతలున్నాయి. వేర్వేరు ఆమ్లాలు మిథైల్ ఎసిటేట్‌ని ఎంత వేగంగా విడగొడతాయి, చెరకు పంచదారని ఎంత వేగంగా మారుస్తాయి అని వరసగా కొలిచి పెట్టుకున్నాడు. థీసిస్ చదివాక అవే ఆమ్లాల విద్యుద్వాహకత కొలిచి చూశాడు. రెండు వరసలూ ఒకటే! గట్టి ఆమ్లం రెండు చోట్లా పైన, బలహీనమైనది రెండు చోట్లా కింద. అర్హీనియస్ దగ్గర కరెంటు లెక్క ఉంది, ఓస్ట్‌వాల్డ్ దగ్గర చర్యావేగాల లెక్క ఉంది. ఒకరి దగ్గర ఉన్నది రెండోవారికి తెలియదు. కలిపింది పోస్టు. ఆగస్టులో ఓస్ట్‌వాల్డ్ స్వయంగా ఉప్సాలా వెళ్లి రీగాలో ఉద్యోగం ఇస్తానన్నాడు. ఆ తర్వాతే సొంత యూనివర్సిటీ అర్హీనియస్‌కి డోసెంట్ (లెక్చరర్ లాంటి) పదవి ఇచ్చింది.

మూడో ముక్క ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉంది. వాంట్ హాఫ్‌కి ద్రవాభిసరణ పీడనం (ఆస్మోటిక్ ప్రెషర్) సంగతి చెప్పింది హ్యూగో డి వ్రీస్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు. దాని మీద వాంట్ హాఫ్ సూత్రం కట్టాడు. వాయువుల సూత్రమే పంచదారకి సరిపోయింది, లవణాలకి సరిపోలేదు. అందుకని ఒక గుణకం పెట్టాడు. అది ఎందుకు పెట్టాలో ఆయనకీ తెలియదు. ఆ వ్యాసం అర్హీనియస్ చేతికి వచ్చింది. 1887 మార్చిలో ఆయన వాంట్ హాఫ్‌కి ఉత్తరం రాశాడు. ఆ గుణకం ఒకటి కంటే ఎక్కువ రావడానికి కారణం ఉప్పు విడిపోవడమే అన్నాడు. లెక్చరర్ గారు చెప్పిన 0.35 డిగ్రీల లెక్క ఉంది చూశారా, దానికి అర్థం పుట్టింది ఆ ఉత్తరంలో.

ఆ రోజుల్లో ఫిజిక్స్ వాళ్ల పత్రికలు వేరు, కెమిస్ట్రీ వాళ్లవి వేరు, మొక్కల వాళ్లవి వేరు. ఈ ముగ్గురు ఉత్తరాలు రాసుకోకపోతే ఆ అంకెలు ఎవరి అలమరలో వాళ్లకే ఉండిపోయేవి. ప్లాంక్ సంగతి నిజమే. కానీ ఆయన ఉష్ణగతిక శాస్త్రం కణాల సంఖ్య పెరగాలని చెబుతుంది. ఆ ముక్కలకి విద్యుదావేశం ఉందన్న సంగతి దానితో తేలదు. దానికి కరెంటు కొలతలు కావలసిందే.

ఉప్పునీళ్లు:

లైబ్రరీ పురుగు గారూ, 1884 థీసిస్‌లో అసలు సిద్ధాంతం లేదన్న సంగతి నాకు తెలియదు. దానికి థాంక్స్. పాఠంలో నేను తప్పు చెప్పాను, దిద్దుకుంటాను.

కానీ నా అనుమానం పుట్టుక గురించి కాదు, ఎదురు చెప్పినవాళ్ల గతి గురించి. 1890లో లీడ్స్‌లో బ్రిటిష్ అసోసియేషన్ సభకి ఓస్ట్‌వాల్డ్, వాంట్ హాఫ్ ఇద్దరూ వెళ్లారు. అక్కడ ఆర్మ్‌స్ట్రాంగ్, పికరింగ్ లాంటి వాళ్లు గట్టిగా ఎదిరించారు. మెండెలీవ్ కూడా వ్యతిరేకే. ద్రావితం (కరిగిన పదార్థం) నీటి అణువులతో కలిసి హైడ్రేట్లనే సమ్మేళనాలవుతుందని వాళ్ల వాదన. తర్వాత కాలెన్‌బర్గ్ అనే అమెరికన్ వచ్చాడు. ఓస్ట్‌వాల్డ్ దగ్గరే లైప్‌జిగ్‌లో డాక్టరేట్ చేసి, 1900 తర్వాత గురువు సిద్ధాంతం మీదే తిరగబడ్డాడు. బెంజీన్‌లో కాపర్ ఓలియేట్ కరిగించి పొడి హైడ్రోజన్ క్లోరైడ్ పంపాడు. ఆ ద్రావణంలో కరెంటు దాదాపు పారదు. అయినా కాపర్ క్లోరైడ్ క్షణంలో అవక్షేపంగా పడింది. అయాన్లు లేకుండా అంత వేగంగా చర్య ఎలా జరిగింది? ఇది న్యాయమైన ప్రశ్న కాదా? మన పాఠ్యపుస్తకాల్లో ఆయన పేరు ఎక్కడైనా చూశారా?

బ్యాటరీ పని:

నేను బ్యాటరీ ఎలక్ట్రోలైట్ల మీద పనిచేస్తాను. నీళ్లు కాని ద్రావణాలే మా బతుకు. అందుకే కాలెన్‌బర్గ్ పేరు కనబడగానే రాయాలనిపించింది.

ఆయన ప్రయోగం నిజం. చర్య జరగాలంటే అయాన్లు ఉండాల్సిందే అన్న మాట తప్పని అది చూపిస్తుంది. నీళ్లలో అయాన్లు లేవని మాత్రం చూపించదు. ఆయన మొదటిదానితో ఆగకుండా రెండోదీ అన్నాడు, అక్కడ దెబ్బతిన్నాడు. హైడ్రేట్ల వాళ్లు కూడా పూర్తిగా ఓడిపోలేదు. అయాన్ల చుట్టూ నీటి అణువులు చేరతాయని ఈ రోజు మేం రోజూ లెక్క వేసుకుంటాం.

అయితే ఉప్పునీళ్లు గారి అనుమానం వేరే చోట నిజమని నేను గట్టిగా నమ్ముతాను. 1888లో ఓస్ట్‌వాల్డ్ ఇచ్చిన విలీనత నియమం, అంటే పలచన చేసేకొద్దీ ఎంత భాగం విడిపోతుందో చెప్పే లెక్క, వెనిగర్ లాంటి బలహీన ఆమ్లాలకి బాగా సరిపోతుంది. 0.1 మోలార్ ఎసిటిక్ ఆమ్లంలో విడిపోయేది 1.3 శాతం. లెక్క చక్కగా వస్తుంది. అదే నియమంలో ఉప్పు, హైడ్రోక్లోరిక్ ఆమ్లం పెట్టండి, స్థిరాంకం స్థిరంగా ఉండదు. ఈ సంగతి వాళ్లకి మొదట్నించీ తెలుసు. అయినా ఉప్పు పాక్షికంగానే విడిపోతుందన్న మాట అర్హీనియస్ వదల్లేదు. నిజానికి ఉప్పు పూర్తిగా విడిపోతుంది, అయాన్లు ఒకదాన్నొకటి లాక్కోవడం వల్ల తక్కువ విడిపోయినట్టు కనిపిస్తుంది. ఈ మార్గం 1909లో డెన్మార్క్ నుంచి బ్యెరుం చూపించాడు. 1918లో కలకత్తా నుంచి జ్ఞానచంద్ర ఘోష్ అనే యువకుడు లండన్ కెమికల్ సొసైటీ పత్రికలో దీని మీద ఒక సిద్ధాంతమే రాశాడు. అది నిలబడలేదు కానీ చర్చని ముందుకి తోసింది. 1923లో డీబై, హ్యూకెల్ వచ్చాక గానీ లెక్క తేలలేదు. ఓస్ట్‌వాల్డ్ నియమం నుంచి అక్కడికి 35 ఏళ్లు! ఒకరి ఉత్తరాలు ఒకరు చదువుకునే గుంపులో ఇబ్బంది పెట్టే అంకెని "తర్వాత చూద్దాం" అనడం తేలిక. ఆ సుఖమే వాళ్లని ఆపిందని నా అభిప్రాయం.

పాత లెక్చరర్:

బ్యాటరీ పని గారు చెప్పింది బాధగానే ఉన్నా ఒప్పుకుంటున్నాను. ఆ నియమం ఉప్పుకి పనిచేయదని నేను కూడా పిల్లలకి ఒక్క వాక్యంలో చెప్పి దాటేసేవాణ్ణి.

కానీ "స్నేహితుల జట్టు" అనే మాట మీద ఇంకొక్క అభ్యంతరం. ఆ జట్టు కలిసుండలేదు. నెర్న్‌స్ట్‌ని తీసుకోండి. అర్హీనియస్‌కి వుర్ట్స్‌బర్గ్‌లో కోల్‌రాష్ ల్యాబు నాటి స్నేహితుడు. తర్వాత ఇద్దరికీ పడలేదు. విషాలు, ప్రతివిషాల మీద అర్హీనియస్ చేసిన లెక్కల్ని నెర్న్‌స్ట్ తప్పుపట్టాడు. నెర్న్‌స్ట్ 1906 నాటి ఉష్ణ సిద్ధాంతాన్ని అర్హీనియస్ ఒప్పుకోలేదు. నోబెల్ భౌతికశాస్త్ర కమిటీలో అర్హీనియస్‌కి గట్టి పలుకుబడి ఉండేది. నెర్న్‌స్ట్‌కి బహుమతి 1920 సంవత్సరానికి, అదీ 1921లో ప్రకటించారు. మధ్యలో అడ్డుపడింది అర్హీనియస్సేనని ఆ కమిటీ కాగితాలు చదివిన చరిత్రకారులు రాశారు. స్నేహం చెడింది, పదవి అడ్డం వచ్చింది, అయినా నెర్న్‌స్ట్ సెల్ సమీకరణం (బ్యాటరీ సెల్ వోల్టేజీ లెక్క) అయాన్ల మీదే నిలబడి ఉంది. పలుకుబడితో బహుమతిని ఆలస్యం చేయొచ్చు గానీ ఆ సమీకరణాన్ని ఎవరూ కదిలించలేకపోయారు.

లైబ్రరీ పురుగు:

లెక్చరర్ గారూ, ఆ చివరి మాటతో నాకు పేచీ లేదు. కొత్తగా చదవాలనుకునేవాళ్లకి ఒక సమాచారం: ఓస్ట్‌వాల్డ్ శాస్త్రీయ ఉత్తరాలు 1960లలో బెర్లిన్‌లో రెండు సంపుటాలుగా అచ్చయ్యాయి. రెండోది అర్హీనియస్, వాంట్ హాఫ్‌లతో నడిచినవే. జర్మన్‌లో ఉంటాయి. థీసిస్ మాత్రం ఫ్రెంచిలో రాశాడు.

ఉప్పునీళ్లు:

నా మొదటి మాటలో సగం వెనక్కి తీసుకుంటున్నాను. సిద్ధాంతం గెలిచింది పరపతి వల్లేనన్నది తప్పు. ఆ దగ్గరతనం వల్ల ఉప్పులాంటి బలమైన విద్యుద్విశ్లేష్యాల (నీళ్లలో పూర్తిగా విడిపోయేవాటి) సమస్య అన్నాళ్లు పక్కన పడిందన్నది మాత్రం వదలను.

సోమవారం మళ్లీ అదే క్లాసు ఉంది. ఈసారి ఉప్పు గ్లాసు పక్కన వెనిగర్ గ్లాసు కూడా పెడతాను. రెండింటిలోనూ నీళ్లు పోస్తూ, ఎల్‌ఈడీతో పాటు మిల్లీ అమ్మీటరు కూడా కలిపి, రీడింగులు ఆ అమ్మాయి చేతే బోర్డు మీద రాయిస్తాను. వాటితో గ్రాఫు గీస్తే వచ్చే రెండు గీతలూ ఒకేలా ఎందుకు లేవని తనే అడుగుతుంది.