చలికాలంలో చలి తగ్గితే యూరప్ చెట్లు ఎప్పుడు చిగురిస్తాయి? తెలిసినవాళ్లు చెప్పండి

నమస్కారం అండీ. మాది కడప, స్కూల్లో బయాలజీ చెప్తాను. మా లంకమల అడవిలో ఎర్రచందనం ఎండాకాలం నీళ్లు చాలక ఆకు రాలుస్తుంది, యూరప్‌లో బీచ్, ఓక్ అనే చెట్లు చలికి రాలుస్తాయి, మళ్లీ చిగురించాలంటే ముందు కొన్ని వారాల చలి తగలాలి, ఆ తర్వాతే వేడి పనిచేస్తుంది అని పిల్లలకు చెప్పాను. చిక్కంతా అక్కడే వచ్చింది. వసంతం ముందే వేడెక్కితే చిగురూ ముందే వస్తుంది, ఆ తర్వాత ఓ రాత్రి గడ్డకట్టే చలి వచ్చిందంటే లేత ఆకులు కమిలి, గోధుమరంగుకు తిరిగి వేలాడిపోతాయి. మరి చలికాలమే సరిపోకపోతే చిగురు ఆలస్యం కావాలి కదా? రెండిట్లో ఏది గెలుస్తుంది? బీచ్ పగటి పొడవును కూడా గమనిస్తుంది కాబట్టి ఓక్ కంటే అదే నయమా? పదో తరగతి అమ్మాయి ఒకరు ఈ ప్రశ్న పట్టుకుని వదలట్లేదు, ఏదో ఒకటి చెప్పి పంపేయడం నాకిష్టం లేదు. అడవుల మీద చదువుకున్నవాళ్లు ఉంటే కాస్త వివరంగా రాయండి, ప్లీజ్.