గెస్ట్ వైఫై నుంచి లాన్ పీసీకి రిమోట్ డెస్క్‌టాప్: ఫార్వర్డ్ యాక్సెప్ట్ పెట్టినా కనెక్ట్ కావట్లేదు

ప్రశ్న:
రౌటర్‌లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (రౌటర్లకు వాడే ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్). ఫైర్‌వాల్‌లో లాన్ (ఇంటి లోపలి నెట్‌వర్క్) జోన్ 192.168.1.0/24, గెస్ట్ జోన్ 192.168.3.0/24. విండోస్ 11 ప్రో పీసీ 192.168.1.20 మీద ఉంది, లాప్‌టాప్ గెస్ట్‌లో. గెస్ట్ జోన్ వరుసలో ఫార్వర్డ్‌ని యాక్సెప్ట్‌కి మార్చాను. అయినా రిమోట్ డెస్క్‌టాప్ రావట్లేదు, పింగ్ (అవతలి పరికరం పలుకుతోందా అని చూసే పరీక్ష) కూడా పోవట్లేదు. రెండూ లాన్‌లో ఉంటే బాగానే నడుస్తోంది.

జవాబు 1:
ఆ ఫార్వర్డ్ గడి ఒకే జోన్‌లోని ఇంటర్‌ఫేస్‌ల మధ్య రాకపోకలకు మాత్రమే. కొత్త వెర్షన్లలో ‘ఇంట్రా జోన్ ఫార్వర్డ్’ అని పేరే మార్చారు, పాతవాటిలో అందరూ పొరబడేది ఇక్కడే. దాన్ని మళ్లీ రిజెక్ట్ చేసేయండి.

ఫైర్‌వాల్‌లో ట్రాఫిక్ రూల్స్ తెరిచి కొత్తది చేర్చండి: ప్రోటోకాల్ టీసీపీ, యూడీపీ రెండూ, సోర్స్ జోన్ గెస్ట్, డెస్టినేషన్ జోన్ లాన్, డెస్టినేషన్ అడ్రస్ 192.168.1.20, డెస్టినేషన్ పోర్ట్ 3389 (రిమోట్ డెస్క్‌టాప్ వాడేది ఇదే), యాక్షన్ యాక్సెప్ట్. సోర్స్ పోర్ట్ ఖాళీగా వదిలేయండి. లాప్‌టాప్ ప్రతిసారీ ఏదో ఒక పోర్ట్ ఎంచుకుంటుంది కాబట్టి అక్కడ 3389 రాస్తే రూల్ తగలనే తగలదు. జవాబు ప్యాకెట్లకు లాన్ నుంచి గెస్ట్‌కి వేరే రూల్ అక్కర్లేదు. పీసీకి స్టాటిక్ లీజ్ (రౌటర్ ఎప్పుడూ అదే ఐపీ ఇచ్చేలా చేసే సెట్టింగ్) ఇవ్వండి, లేకపోతే ఐపీ మారిన రోజున రూల్ దండగ.

జవాబు 2:
పింగ్‌ని బట్టి తేల్చకండి. ప్రైవేట్ ప్రొఫైల్‌లో విండోస్ ఫైర్‌వాల్ పింగ్ రూల్ లోకల్ సబ్‌నెట్‌కే (పీసీ ఉన్న అడ్రస్‌ల గుంపుకే, ఇక్కడ 192.168.1.0/24) పరిమితం, కాబట్టి 3389 తెరిచి ఉన్నా గెస్ట్ నుంచి పింగ్ పోదు. పవర్‌షెల్‌లో టెస్ట్-నెట్‌కనెక్షన్‌కి ఐపీ, పోర్ట్ ఇచ్చి చూడండి.

ప్రశ్న అడిగినవారు:
ఇప్పుడు టీసీపీ టెస్ట్‌లో ట్రూ వస్తోందండీ. కానీ పీసీ పేరు కొడితే దొరకట్లేదు, ఐపీ ఇస్తేనే వస్తోంది. ఇక ప్రతిదానికీ రూల్ రాసే బదులు గెస్ట్ నుంచి లాన్‌కి ఫార్వర్డింగ్ మొత్తం ఇచ్చేస్తే?

జవాబు 3:
ఇస్తే గెస్ట్ జోన్ ఉండీ లేనట్టే, వచ్చినవాళ్ల ఫోన్లన్నీ మీ లాన్‌లో ఉన్నట్టే. పైన చెప్పిన రూల్‌లోనే సోర్స్ అడ్రస్‌గా లాప్‌టాప్ ఐపీ కూడా పెడితే ఇంకా బిగుతుగా ఉంటుంది. ఇక పేరు సంగతి: పీసీలు ఒకదాన్నొకటి పేరుతో వెతికే పిలుపులు సబ్‌నెట్ దాటవు. ఐపీయే వాడండి.

ముందుముందు బయటినుంచి కావాలనుకుంటే వాన్‌లో (ఇంటర్నెట్ వైపు) 3389 మాత్రం తెరవకండి. పోర్ట్ నంబర్ మార్చినా స్కానర్లు పట్టేస్తాయి. వైర్‌గార్డ్ (ఒక వీపీఎన్) పెట్టి, దానికి వేరే జోన్ చేసి, ఇదే రూల్‌ని సోర్స్ జోన్ మార్చి రాసుకోండి. అప్పుడు వాన్‌లో తెరవాల్సింది వైర్‌గార్డ్ యూడీపీ పోర్ట్ ఒక్కటే, మామూలుగా 51820.