పాత మారుతి 800 సీటు రైల్స్ తుప్పు పట్టాయి, బాగవుతాయా, మార్చేయాలా?

అందరికీ నమస్తే. మాది చెన్నై తిరువాన్మియూర్, బీచ్ పక్కనే. నాన్నగారి 1998 మారుతి 800కి ఇంజిన్ ఇప్పటికీ బంగారమే కానీ, అసలే ఉప్పు గాలి, దానికి తోడు వానల్లో నీళ్ళు కార్పెట్ కింద నిలిచిపోయి డ్రైవర్ సీటు రైల్స్ (సీటు ముందుకీ వెనక్కీ జరిగే పట్టాలు) బాగా తుప్పు పట్టాయి. నాన్న పొడుగు, నేను పొట్టి, బండి చేతులు మారినప్పుడల్లా సీటుతో కుస్తీనే.

సీటు విప్పి చూశా. పైపై తుప్పు వైర్ బ్రష్‌కి రాలిపోయింది, డబ్ల్యూడీ-40 స్ప్రే కొడితే కొన్నాళ్ళు జరిగి మళ్ళీ బిగుసుకుంది, అదేమీ గ్రీజు కాదు కదా. అసలు గొడవ లోపలి గాడిలో ఉంది, పాత గ్రీజు ఎర్ర పొడితో కలిసి గట్టిగా అట్టకట్టేసింది, స్క్రూడ్రైవర్‌తో గీకితే పెచ్చులుగా వస్తోంది.

రైల్స్‌ని వెనిగర్‌లో రాత్రంతా నానబెట్టొచ్చా, సీటుని ఒకచోట ఆపే లాక్ స్ప్రింగ్ ముందే తీసేయాలా? తర్వాత రస్ట్ కన్వర్టర్ (మిగిలిన తుప్పుని గట్టి పూతగా మార్చే మందు), పైన ప్రైమర్ అనుకుంటున్నా, కానీ జారే చోట పెయింట్ పడితే మళ్ళీ పట్టేస్తుందేమో, అక్కడ ఉత్త లిథియం గ్రీజు చాలా?

ఇంకోటి, లాక్ పడే పళ్ళలో రెండింటి అంచులు తినేసి ఉన్నాయి. సడన్ బ్రేక్‌కి సీటు జారితే ఏంటి గతి అని భయం. మెకానిక్ వెల్డింగ్ పెడదాం అంటున్నాడు, నాకైతే మనసొప్పట్లేదు. ఇక్కడి పాత బండి పార్టుల బజారు పుదుపేటలో పాత రైల్స్ కొన్నవాళ్ళుంటే ఏం చూసి కొనాలో చెప్పండి ప్లీజ్.